పచ్చ చీటీ కట్టిన ఇల్లు

ఆ మంగళవారం పొద్దున మేడమీదావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఇంట్లో సామాను రెండు రకాలుగా విడదీసెయ్యాలి. ఆ తర్వాత వదినగారింటికి వెళ్ళి, మూడేళ్ళపాటు నెలకోసారి వచ్చి వెనక గది దులిపి వెళ్ళగలరేమో కనుక్కోవాలి. ఒంటిగంటకి ఇంటికొచ్చి భోంచెయ్యాలి. మొదటి రెండూ అనుకున్న వేళకి అనుకున్నట్టే జరిగిపోయాయి. చిక్కంతా అందువల్లే వచ్చింది.

ఆవిడని ఊరంతా మేడమీదావిడ అనేది, ఎందుకంటే కింద లాండ్రీ దుకాణం, మీద ఇల్లు. దుకాణం ఆవిడ భర్తది. ఆయన్ని మరకల మాస్టారనేవారు. సిరా, తుప్పు, నూనె, పెదాల రంగు, ఏ మరకైనా సరే, ఎలా పడిందని అడక్కుండా పోగొట్టడం ఆయన విద్య. పోగొట్టడం కన్నా ఆ అడక్కపోవడం వల్లే ఖాతాదారులు ఎక్కువని ఆవిడ అనుమానం.

దుకాణంలో రంగు చీటీలే చట్టం. ప్రతి పాత ఖాతాదారుకీ ఒక నంబరుండేది, ఆ నంబరు అచ్చేసిన చీటీలు మూడు రంగుల్లో ఉండేవి. ఎర్ర చీటీ కడితే పని మిగిలుంది, కదపకూడదు. పచ్చ చీటీ కడితే పని అయిపోయింది, నంబరు చూసి ఇంటికి చేర్చెయ్యాలి. పసుపు చీటీ కడితే, ప్రయత్నిస్తాం గానీ పూచీ లేదు, మనిషిని అడక్కుండా చెయ్యి వెయ్యకూడదు. మాస్టారి చేతికి లొంగని మరకలు తక్కువ కాబట్టి పసుపు చీటీలు సొరుగులోనే మగ్గేవి. ఎర్రవీ పచ్చవీ మాత్రం చుట్ట చివర్లు మిగిలినప్పుడల్లా, పారెయ్యడానికి మనసొప్పక, మాస్టారు మేడ మీదికి తెచ్చి భార్య చేతిలో పెట్టేవారు.

మేడ మీద ఆ చీటీలకి వేరే రాజ్యాంగం పుట్టింది. వంటింట్లో డబ్బా నిండా ఉంటే పచ్చ చీటీ, అడుగంటితే ఎర్ర చీటీ. అంటే పచ్చ ఉంటే ఉండనివ్వాలి, ఎర్ర ఉంటే తీసెయ్యాలి. కింద ఒక చట్టం, మీద ఒక చట్టం, మధ్యలో పద్దెనిమిది మెట్లు. దుకాణం సంగతులు మేడెక్కకూడదు, మేడ సంగతులు దుకాణంలోకి దిగకూడదు అన్నది పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి పెట్టుకున్న నియమం. ఇరవై రెండేళ్ళ కాపురం సాఫీగా సాగడానికీ, ఆ మంగళవారం అలా తగలడడానికీ కారణం ఆ నియమమే.

అంతకు నెల కిందట పై దేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడెక్కడో మూడువందల గదుల హోటలు నడిపే ఆయన ఒకసారి పని మీద ఈ ఊరొచ్చి, తెల్ల కోటు జేబులో కలం కక్కితే, మాస్టారి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి కోటు పుట్టినప్పటికన్నా తెల్లగా తిరిగొచ్చింది. ఆ కోటుని ఆయన మర్చిపోలేదు. ‘మా హోటలు లాండ్రీకి పెద్దగా రండి, మూడేళ్ళు, ఇల్లు మేమే ఇస్తాం. కావాలంటే ముందొక వారం వచ్చి చూసి వెళ్ళండి. లేదంటే నేరుగా వచ్చి చేరిపోండి. ఏ సంగతో రాయండి’ అని ఆ ఉత్తరం సారాంశం.

“నేరుగా వెళ్ళిపోదాం. చూడ్డానికేముంది? అక్కడా నీళ్ళే, సబ్బే, మరకలే,” అన్నారు మాస్టారు.

“నీళ్ళతోటీ సబ్బుతోటీ ఉండేది మీరు. ఇంట్లో ఉండేది నేను. బక్కెట్టు కొనేటప్పుడే నీళ్ళు పోసి చూస్తాం, దేశం కొనుక్కునేటప్పుడు చూడొద్దా?”

“నిన్ను చూడకుండానే చేసుకున్నాగా. అక్కయ్య చూసొచ్చింది, బాగుందంది, నేను సరేనన్నాను. ఏం, బాగా లేదా?”

“మీకు బాగానే ఉంది,” అంది ఆవిడ.

ఆ మాటలో పాత లెక్క ఒకటుంది. పెళ్ళికి ముందు మాస్టారు రాసిన ఒకే ఒక్క ఉత్తరంలో ‘మేడ ఇల్లు, గాలీ వెలుతురూ దండిగా’ అని ఉంది. కింద బాయిలరు ఉందని లేదు. కాపురానికొచ్చిన మొదటి పొద్దున గచ్చు సందుల్లోంచి ఆవిరి లేచి, అద్దం మసకబారి, ఆవిడకి తన మొహం తనకే కనిపించలేదు. వారం రోజులు ఏడ్చింది. పుట్టింటి బెంగ అనుకున్నారంతా. బెంగ సగమే, మిగతా సగం సబ్బు ఘాటు. ఆ వారంలోనే ఆవిడ ఒక ఒట్టు పెట్టుకుంది, బతుకులో రెండో ఇంటి గడప మాత్రం చూడకుండా తొక్కనని. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒట్టుకి పని పడలేదు. ఇప్పుడు పడింది.

వేరే ఊళ్ళో హాస్టల్లో ఉన్న కూతుర్ని ఫోన్లో అడిగితే, “ఏదో ఒకటి చెయ్యండి, నాకు పరీక్షలు,” అంది.

చివరికి మాస్టారు రెండు జవాబులు రాశారు. ‘ముందు వచ్చి చూస్తాం’ అని ఒకటి. ‘నేరుగా వచ్చేస్తున్నాం’ అని ఒకటి. రెండూ కవర్లలో పెట్టి, అంటించి, స్టాంపులు కూడా వేసి హాల్లో బల్ల మీద పెట్టారు.

“ఆదివారం దాకా ఆలోచించుకుని ఒకటి పోస్టు చేద్దాం. రెండోది చింపేద్దాం.”

“దాని మీద స్టాంపు?”

“ఆవిరి పట్టి ఊడదీస్తా,” అన్నారు మాస్టారు. బాయిలరు ఉన్నవాడి ధీమా అది.

చూసొచ్చి వెళ్ళినా, చూడకుండా వెళ్ళినా సామాను విడదీయడం తప్పదు కదా అని ఆవిడ మంగళవారం కొంగు బిగించింది. వెనక గదిలో పెట్టి తాళం వేసుకోవాల్సిన వాటికి, అంటే ఇల్లు దాటకూడని వాటికి, పచ్చ చీటీ. ఎవరికిచ్చినా ఫరవాలేదనుకున్న వాటికి ఎర్ర చీటీ. నంబర్లు ఆవిడ చూడలేదు. చేతికేది వస్తే అది కట్టింది.

గోడ గడియారానికి పచ్చ. అది పది నిమిషాలు ముందు నడుస్తుంది. కూతురు బడికి ఆలస్యం కాకూడదని అలా తిప్పినది, కూతురు బడి దాటి కాలేజీకెళ్ళినా దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేదు. చేతుల కుర్చీకి పచ్చ. జ్వరం వచ్చినప్పుడు కూతురు ఒళ్ళో పడుకుని, దాని చేతి మీద మేకుతో అఆలు గీకింది, ‘ఈ’ దగ్గర జ్వరం తగ్గింది. కుట్టుమిషనుకి పచ్చ. మసకబారే అద్దానికి పచ్చ. వంటింటి తలుపు దగ్గర ఆవిడ కాసేపు ఆగింది. ఆ తలుపుకి నీలం రంగు మాస్టారే స్వయంగా వేశారు, పెళ్ళయిన రెండో ఏడు, ఆవిడ అలిగి పుట్టింటికెళ్ళిన పది రోజుల్లో. సగం వేసేసరికి ఆవిడ తిరిగొచ్చింది. మిగతా సగం అలాగే ఉండిపోయింది. తాము లేనప్పుడు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన దాని మీద ఏ పచ్చరంగో పూయిస్తాడని భయపడి, గొళ్ళేనికి పచ్చ చీటీ కట్టింది.

ఎర్ర చీటీలు కట్టినవి చూస్తే అన్నీ మాస్టారివే తేలాయి. రెండుసార్లు లాగి వదిలేసిన వ్యాయామం స్ప్రింగులు, పలకని రేడియో, పదకొండు పాత క్యాలెండర్లు.

ఆఖర్న బల్ల మీద ఉత్తరాలు. ‘ముందు చూస్తాం’ అన్నది వెళ్ళొచ్చు కాబట్టి ఎర్ర. ‘నేరుగా వచ్చేస్తున్నాం’ అన్నది చచ్చినా ఇల్లు దాటకూడదు కాబట్టి పచ్చ. దానికి రెండు ముళ్ళు వేసింది.

ఆ రోజు బాయిలరు కడిగే సెలవు. మాస్టారు కొత్త వాల్వు కోసం తెల్లవారి బండికే పక్క ఊరెళ్ళారు. కింద నేలంతా నీళ్ళు కాబట్టి సిద్ధమైన బట్టల మూటలు ముందు రోజే మేడ మీద హాల్లో పెట్టించారు. వ్యాను నడిపే ఆయనకి చెప్పారు కూడా, “హాల్లో పచ్చ చీటీ ఉన్నవన్నీ ఇచ్చేసిరా.”

ఆ వ్యానాయన్ని అందరూ బాబాయనేవారు. యాభై దాటిన మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఏదో అడగబోతే, “పచ్చ చీటీ ఉందా? ఉంటే ఎత్తు. మిగతాది నీకెందుకు?” అన్నారు మాస్టారు. అంతే, పద్దెనిమిదేళ్ళలో బాబాయి మరో ప్రశ్న అడగలేదు. చాదస్తం కాదు, అది ఆయన గౌరవం.

తలుపు దగ్గరికేసి ఆవిడ వదినగారింటికెళ్ళింది. వదినగారు, అంటే మాస్టారి అక్కయ్య, వెనక గది దులపడానికి ఒప్పుకున్నారు. దాంతోపాటు, ఆ రోజుల్లో పిల్లని చూడ్డానికి తను ఎంత ఎండలో వెళ్ళిందో, జుట్టు చూసి పొడుగుందని చెప్పానే గానీ నోటి పొడుగు కనిపెట్టలేకపోయానని మరోసారి చెప్పుకుని నవ్వుకున్నారు. ఒంటిగంటకి ఆవిడ ఇంటి మెట్లెక్కింది. ఏడో మెట్టు మీద ఉండగానే వంటింటి పొయ్యి కనిపించింది. ఇరవై రెండేళ్ళలో ఏడో మెట్టు నుంచి ఆవిడకి పొయ్యి ఎప్పుడూ కనిపించలేదు.

హాల్లో అడుగు పెడితే అడుగుకి బదులు వినిపించింది. గడియారం ఉన్న చోట గోడ మీద గుండ్రంగా పాత సున్నం, పెళ్ళినాటి తెలుపు. కుర్చీ లేదు. మిషను లేదు. అద్దం లేదు. వంటింటికి తలుపు లేదు. గది నడిమధ్య మాస్టారి స్ప్రింగులు మాత్రం ఎర్ర చీటీతో క్షేమంగా ఉన్నాయి. బల్ల మీద ఒకటే ఉత్తరం. ఏది ఉందో దగ్గరికెళ్ళి చూడక్కర్లేకపోయింది. కుర్చీలో కూలబడదామని వెనక్కి చూసి, కుర్చీ లేదని గుర్తొచ్చి, నేల మీద కూర్చుంది.

మొదట వచ్చింది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ వచ్చింది.

“నోటితో చెప్పలేక కుర్చీ పంపావా అమ్మా? వెళ్ళిపోతున్నారనీ...”

“కుర్చీ మీ దగ్గరుందా అండీ?”

“మా కిటికీ పక్కన వేశాను. మా వాడు మూలకి వెయ్యమంటే వెయ్యనివ్వలేదు. చేతి మీద మీ పాప రాసిన అఆలు చూశాను. ముప్ఫై ఏళ్ళు అవే దిద్దించినదాన్ని, ఆ కుర్చీ నాకే ఎందుకు పంపావో ఆ మాత్రం తెలుసుకోలేనా?”

పొరపాటని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది. హెడ్‌మిస్ట్రెస్ ఆ నోట్లో ఒక తీపి బిళ్ళ పెట్టి, “మాట్లాడకు, నేను తట్టుకోలేను,” అని వెళ్ళిపోయింది.

రెండింటికి పళ్ళ డాక్టరుగారి నుంచి మనిషొచ్చాడు. గడియారానికి కృతజ్ఞతలు, కానీ తెల్లకోట్లు ఆరూ ఎలా ఉన్నవి అలాగే ఇప్పించెయ్యమన్నారని. ఎందుకంటే అప్పటికే ఊళ్ళో, మరకల మాస్టారు దుకాణం ఎత్తేసి పై దేశం పోతున్నారు, సామాను పంచేస్తున్నారు, బట్టలు ఎవరివి వాళ్ళు తెచ్చేసుకోవాలి అన్న మాట పాకిపోయింది. మూడింటికి మెట్ల కింద పదిహేనుమంది. ఉతికినవి, ఉతకనివి, సగం ఉతికినవి అడుగుతున్నారు. మూడున్నరకి ఇంటాయన జనాన్ని తోసుకుంటూ మేడెక్కాడు.

“కుర్చీ మీది, గడియారం మీది, ఎవరికిచ్చుకుంటారో మీ ఇష్టం. తలుపు నాది. నా తలుపు లాయరుగారి ఆఫీసులో గోడకి జేరబడి ఉందట. ఇదేం పద్ధతమ్మా? ఇంకో నాలుగు రోజులాగితే కిటికీలు కూడా శుభలేఖల్లా పంచేలా ఉన్నారు.”

“తలుపు కూడానా,” అంది ఆవిడ. అప్పటిదాకా తలుపుని దొంగల ఖాతాలో వేసుకుని కాస్త ధైర్యంగా ఉంది.

నాలుగింటికి మాస్టారు వాల్వు చంకలో పెట్టుకుని వచ్చారు. జనాన్ని చూసి, ఇల్లు చూసి, స్ప్రింగులు చూశారు.

“దొంగలు పడ్డారా?”

“పడితే బాగుండేది.”

“నావన్నీ ఉన్నాయే,” అన్నారు, రేడియో వైపు చూసి కొంచెం సంతోషంగానే. అప్పుడే క్యాలెండర్ల మీద ఎర్ర చీటీ కళ్ళబడింది. “ఈ చీటీలెవరు కట్టారు?”

బాబాయిని పిలిచారు. ఆయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పచ్చ చీటీ ఉంది. ఎత్తాను.”

“తలుపు కూడానా?”

“దానిక్కూడా ఉంది సార్. నాలుగు మరలు. ఒకటి తుప్పు పట్టింది, నూనె వేసి తీశాను.”

మాస్టారు భార్య వైపు తిరిగారు. “పచ్చంటే ఇచ్చెయ్యమని కదా.”

“పచ్చంటే ఉంచమని.”

“ఎవరు చెప్పారు?”

“ఇరవై రెండేళ్ళుగా పంచదార డబ్బా చెబుతోంది. మీరు కాఫీ తాగేటప్పుడు డబ్బా వైపు ఎప్పుడైనా చూస్తే కదా.”

కింద ఎవరో తన ప్యాంటు కోసం అరుస్తున్నారు. అప్పుడు ఆవిడ మెల్లగా అడిగింది.

“బాబాయిగారూ, ఉత్తరానికి ఎన్నో నంబరుంది?”

బాబాయి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. “ముప్ఫై ఒకటి అమ్మగారూ. పోస్టుమాస్టరుగారు.”

మాస్టారు వాల్వుని నేల మీద పెట్టారు. అరవై మంది ఖాతాదారుల్లో, స్టాంపు వేసి అంటించిన కవరు చేతికిస్తే దాన్ని ఏం చెయ్యాలో కచ్చితంగా తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

జనాన్ని సముదాయించడానికి మాస్టారు దుకాణంలో ఉండిపోయారు. ఆవిడ వ్యానెక్కింది. దాని ముందు సీట్లో కూర్చోవడం ఆవిడకి అదే మొదలు. పోస్టుమాస్టరు ఖాకీ కోటు గుండీలు పెట్టుకుంటూ లేచి నిలబడ్డాడు.

“మీ ఉత్తరం ఒంటిగంట సంచిలో వెళ్ళిపోయిందమ్మా. స్వయంగా ముద్ర వేశాను. నా చేతికే పంపించారంటే ఎంత ముఖ్యమో తెలియదూ?”

“వెనక్కి తెప్పించలేరా అండీ?”

“ముద్ర పడ్డాక ఉత్తరం నాదీ కాదు, మీదీ కాదు. ఎవరి పేరు రాశారో వాళ్ళది,” అన్నాడాయన. చావు కబురు చల్లగా చెప్పడంలో పోస్టాఫీసు వాళ్ళకున్న అనుభవం ఎవరికుంటుంది.

బయటికొచ్చి ఆవిడ వ్యాను మెట్టు మీద కాసేపు కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్ళ ఒట్టు, తను స్వయంగా రెండు ముళ్ళు వేసి మరీ పంపించేసింది. బాబాయి ఏమీ అడగలేదు. ఇంజను మాత్రం ఆపకుండా ఉంచాడు.

“పదండి, కనీసం సామానైనా తెచ్చుకుందాం,” అంది.

అప్పుడు ఒక వింత జరిగింది. ఆవిడ ఆ ఊళ్ళో ఇరవై రెండేళ్ళున్న మాట నిజమే గానీ, ఊరే దుకాణానికొచ్చేది, ఆవిడ ఊళ్ళోకి వెళ్ళేది తక్కువ. కూరల బజారు, బడి, వదినగారిల్లు, అంతే. మనుషులు ఆవిడకి మొహాలుగా కాదు, డాబా మీద తీగలకి ఆరేసిన బట్టలుగా తెలుసు. హెడ్‌మిస్ట్రెస్ ఇంటి ముందు వ్యానాగగానే, కిటికీలో కుంకుడుకాయ రంగు పూల తెర కనిపించింది. దాన్ని ఆవిడ ఏడాదికి రెండుసార్లు తడిగా చూసేది. నీళ్ళు కారుతూ, కిందికి బరువుగా వేలాడుతూ ఉండేది. అది పొడిగా ఉంటే గాలికి ఇంత తేలిగ్గా లేస్తుందని తెలియదు. దాని వెనక కుర్చీ, కుర్చీలో హెడ్‌మిస్ట్రెస్, కళ్ళు మూసుకుని, వేలితో అఆలు తడుముతోంది. ‘ఈ’ దగ్గర వేలు ఆగింది.

“పోనివ్వండి,” అంది ఆవిడ బాబాయితో. వ్యాను దిగనే లేదు.

పళ్ళ డాక్టరు దగ్గర దిగింది. గడియారం వరండాలో గోడకి వేలాడుతోంది, కింద బల్ల మీద ఆరుగురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. “అద్భుతమమ్మా. అందరూ గేట్లోంచే దీన్ని చూసి, పది నిమిషాలు ఆలస్యమయిందనుకుని కంగారుగా వస్తున్నారు. ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో నేను సమయానికి పని మొదలుపెట్టింది ఇవాళే,” అన్నాడాయన. ఆయన తెల్లకోటు మోచేతి దగ్గర చిన్న రఫ్ఫు కనిపించింది. అది మాస్టారు దుకాణంలో వేయించింది కాదు. ఎప్పుడో సొంత కుట్టుమిషను మీద తను సరదాగా వేసింది. ఆ కుట్టు ఇన్నాళ్ళూ ఈ వీధిలో తిరుగుతోందన్నమాట. ఆవిడ గడియారం సంగతెత్తలేదు. కోటు బాగా నప్పిందని చెప్పి వచ్చేసింది.

ఒక వీధిలో ఆవిడకి పదేళ్ళుగా తెలిసిన చారల దుప్పటి ఒక తాతగారి భుజాన కనిపించింది. ఇంకో వీధిలో, ఎప్పుడూ పసుపు మరకతోనే వచ్చే తెల్ల బల్లగుడ్డ, ఎవరింట్లోనో పిల్లాడి ముందు పరిచి ఉంది. మరక ఎందుకు పడుతుందో అక్కడికక్కడే తెలిసిపోయింది. ఆవిడ నవ్వుకుంది. తర్వాత, ఎందుకో, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పక్కన బాబాయి అద్దం దించాడు, దుమ్ము వస్తుందని తెలిసినా.

కుట్టుమిషనూ అద్దమూ చేరిన ఇళ్ళ ముందు ఆవిడ వ్యాను ఆపించనే లేదు. చివరికి లాయరుగారి దగ్గర నోరు విప్పి అడిగింది. ఆయన నల్లకోటు సర్దుకుని, “ఇచ్చిన బహుమతి వెనక్కి అడగడానికి చట్టంలో వీలు లేదమ్మా. అయితే తలుపొక్కటే ఇచ్చి గుమ్మం ఇవ్వలేదు కాబట్టి ఇది సంపూర్ణ బహుమతి అవునా కాదా అన్నది చర్చనీయాంశం,” అని పావుగంట చర్చించి, తానే ఓడిపోయి, ఒక చెయ్యి వేసి వ్యానెక్కించాడు.

ఊరంతా తిరిగి ఆవిడ తెచ్చుకున్నది, సగం నీలం తలుపొక్కటి.

దీపాలు పెట్టే వేళకి మేడెక్కేసరికి మాస్టారు ఖాళీ హాల్లో నేల మీద కూర్చుని ఉన్నారు. గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చ వైపు చూస్తున్నారు.

“ఇది పోదు,” అన్నారు. ఆయన నోట ఆ మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు.

“ఉత్తరం వెళ్ళిపోయింది.”

“తెలుసు. ఒక మాట చెప్పనా? చూడకుండా వెళ్దామన్నది ధైర్యంతో కాదు. చూస్తే భయమేసి వెనక్కొచ్చేస్తానని. ఇవాళ ఇల్లు ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో చూశాను. ఇంకో ఉత్తరం రాద్దాం. ముందు వచ్చి చూస్తామని.”

ఆవిడ ఆయన పక్కన కూర్చుంది. “ఒక్క వారంలో ఏం చూస్తాం? నేను ఈ ఊరిని చూడ్డానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. అదీ ఇవాళ, వ్యాన్లో.”

“అయితే నేరుగా వెళ్ళిపోదామంటావా?”

“అనడానికేముంది. పంపించేశాగా.”

“నీ ఒట్టో?”

ఒట్టు సంగతి ఆయనకి తెలుసని ఆవిడకి తెలియదు. ఎప్పుడు చెప్పానా అని ఆలోచిస్తుంటే ఆయనే అన్నారు, “ఆ వారం రోజులూ నిద్రలో అదే మాట కలవరించావు. తలుపుకి రంగేసింది అందుకే. ఇల్లు ముందే చూపించలేకపోయాను, కనీసం తలుపైనా బాగుంటుందని.”

అలకకి కాదన్నమాట. ఆవిడ తలుపు వైపు చూసింది. సగమే నీలం, మిగతా సగం మాసిన చెక్క. ఆ నీలం ఎందుకో తప్పుగా అనుకుంటూనే దాన్ని ఇన్నాళ్ళూ ప్రేమించింది.

ఆ తర్వాతి రోజుల్లో ఊరు ఆ దంపతుల మీద జాలిపడింది. హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ మోయించుకొచ్చి, “వెళ్ళేదాకా దేని మీద కూర్చుంటావమ్మా? వాడుకో. వెళ్ళే రోజు జాగ్రత్తగా తిరిగి పంపించు,” అంది. పళ్ళ డాక్టరు గడియారాన్ని ఆదివారాలు మాత్రం అరువిచ్చాడు. కుట్టుమిషను పుచ్చుకున్న బేకరీ ఆయన, గంటసేపు కుట్టుకోవచ్చని కబురు చేశాడు. తన వస్తువులే పరాయి వాళ్ళ దయ మీద వాడుకోవాల్సొస్తే ఎలా ఉంటుందో ఆవిడకి పూర్తిగా అర్థమైంది. అతి జాగ్రత్తగా వాడింది, గీత పడితే మాట వస్తుందని.

నాలుగో వారంలో జవాబొచ్చింది. మాస్టారు కింద దుకాణంలో విప్పకుండా, మేడ మీదికి తెచ్చి విప్పారు. చదువుతుంటే ఆయన మొహం ఎర్రబడింది.

“ఏమంటారు?” అంది ఆవిడ.

“మీరు ఏమీ చూడకుండా నేరుగా వస్తామన్నందుకు చాలా సంతోషమట. కానీ హోటలు ఇప్పుడు వాళ్ళ అక్కగారి చేతికొచ్చిందట. మనిషిని ముందు చూడకుండా పెట్టుకోవడం ఆవిడ పద్ధతి కాదట. ఒక వారం రమ్మన్నారు. మనం చూడ్డానికి కాదు, వాళ్ళు మనల్ని చూడ్డానికి. నచ్చితే కబురు చేస్తారట.” కాగితం మడిచి బల్ల మీద కొట్టారు. “నన్ను చూస్తారట. ఇన్నేళ్ళు పని చేసినవాణ్ణి.”

“అందరూ మీలా ఉంటారా, అక్కయ్య చూసొస్తే చాలనుకోడానికి,” అంది ఆవిడ. ఆ రోజు రెండు కప్పుల కాఫీ ఎక్కువ తాగింది.

ఆ వారం ప్రయాణానికి ముందు రోజు, పెళ్ళయిన తర్వాత మొదటిసారి, ఆవిడ పద్దెనిమిది మెట్లూ దిగి దుకాణంలోకెళ్ళింది. సొరుగు లాగి, దుమ్ము పట్టిన పసుపు చీటీల చుట్ట తీసి, దానికి అర్థమేమిటో మాస్టారిని అడిగి తెలుసుకుంది. రెండు చీటీలు చింపుకుని మేడెక్కింది.

తెల్లవారి బాబాయి సామాను కోసం వచ్చాడు. గుమ్మంలో పెట్టె, పెట్టె పిడికి పసుపు చీటీ. పక్కన కుర్చీలో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న మాస్టారు, ఆయన కోటు గుండీకి ఇంకో పసుపు చీటీ. బాబాయి రెంటినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, పద్దెనిమిదేళ్ళలో మొదటి ప్రశ్న అడిగాడు.

“పెట్టె ఒక్కటేనా అమ్మగారూ, సార్‌ని కూడా ఎక్కించెయ్యనా?”

పసుపు చీటీ ఉంటే అడక్కుండా చెయ్యి వెయ్యకూడదన్నది దుకాణం నియమం.